మగ్గం పని: హైదరాబాద్ ఉత్తర శివార్లలో నేటి కుట్టుకళ, వస్త్ర రూపకల్పన

మగ్గం పని అంటే చెక్క చట్రానికి గుడ్డను బిగించి జరీ, పట్టుదారం, పూసలు, చమ్కీలు, రాళ్లు కుట్టే చేతిపని. ఇందుకు చివర చిన్న కొక్కెం ఉన్న ఆరి సూదినీ, మామూలు సూదినీ వాడతారు. ఇక్కడ మగ్గం అంటే నేత మగ్గం కాదు, ఆ చట్రమే. ఒకప్పుడు నవాబుల ఇళ్ల షేర్వానీలకూ, ఖడా దుపట్టాలకూ పరిమితమైన జర్దోసీ పనితనం ఇవాళ తెలుగు పెళ్లిళ్లలో జాకెట్టు, లంగావోణీ, పావడా మీదికి చేరింది. హైదరాబాద్ ఉత్తర శివార్లలోని మేడ్చల్, శామీర్‌పేట, వాటికి ఆనుకొని ఉన్న కొంపల్లి, అల్వాల్, తూంకుంటల్లో ఈ పని బొటిక్కుల్లో, దర్జీ దుకాణాల్లో, ఇళ్లలో సాగుతోంది. దానితోపాటు కంప్యూటర్ ఎంబ్రాయిడరీ, లంబాడీ కుట్టు, ఇకత్, గొల్లభామ వంటి చేనేత వస్త్రాల వాడకం కలిసి నేటి వస్త్ర రూపకల్పన తయారవుతోంది.

ప్రాంతం

మేడ్చల్ నగరానికి ఉత్తరాన 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది. శామీర్‌పేట కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి మీద ఉంది. ఈ రెండు దారులనూ ఔటర్ రింగ్ రోడ్డు కలుపుతుంది. 2016 అక్టోబరు 11న రంగారెడ్డి జిల్లాను విభజించి ఏర్పాటుచేసిన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో ఇవి భాగం.

పోచంపల్లి, గద్వాల, నారాయణపేటల్లా ఊరి పేరుతో చలామణీ అయ్యే వస్త్రరకం మేడ్చల్‌కుగానీ శామీర్‌పేటకుగానీ లేదు. ఈ ప్రాంతం పాత్ర వేరు. రాజీవ్ రహదారి మీద ముందుకు వెళ్తే గొల్లభామ చీరల సిద్దిపేట, అక్కడి నుంచి పక్కకు తిరిగితే మరమగ్గాల సిరిసిల్ల వస్తాయి. మేడ్చల్ దారిలో కొంపల్లి, కండ్లకోయ పొడవునా ఫంక్షన్ హాళ్లు, కన్వెన్షన్ సెంటర్లు ఉన్నాయి. వాటి చుట్టుపక్కల కొత్త కాలనీలు, అపార్టుమెంట్లు లేచాయి. అంటే సరుకు వచ్చే దారీ, సరుకు అడిగే పెళ్లివారూ ఇక్కడ ఒకచోట కలుస్తున్నారు. 2023 ఏప్రిల్‌లో సికింద్రాబాద్-మేడ్చల్ మార్గంలో ఎంఎంటీఎస్ రైళ్లు మొదలయ్యాయి. దారాలు, పూసలు, లేసులకు పేరున్న సికింద్రాబాద్ జనరల్ బజారుకు ఇక్కడి నుంచి ఒక్క రైలులో వెళ్లిరావచ్చు.

మేడ్చల్ దగ్గరి గుండ్లపోచంపల్లిలో దుస్తుల ఎగుమతి పార్కు ఉంది. ఎగుమతి దుస్తుల పార్కుల కోసం కేంద్ర ప్రభుత్వం 2002లో తెచ్చిన పథకం కిందికి వచ్చిన పార్కు ఇది. ఇక్కడి పని కుట్టుమిషన్ల వరసల్లో, కొలత కొలతకూ వందలకొద్దీ దుస్తులు తయారయ్యే పద్ధతిలో ఉంటుంది. గుండ్లపోచంపల్లిని ఇకత్ చీరలకు పేరుపడ్డ, 1951 నాటి భూదానోద్యమంతో పేరు మారిన భూదాన్ పోచంపల్లిగా పొరబడకూడదు. అది యాదాద్రి భువనగిరి జిల్లాలోని వేరే ఊరు.

చారిత్రక నేపథ్యం

బంగారు, వెండి తీగెలతో చేసే జర్దోసీ మొగలుల కాలంలో ఉత్తరాదిన వృద్ధిచెందింది. లక్నో, బరేలీ, ఫరూఖాబాద్, ఆగ్రా దీనికి పెద్ద కేంద్రాలు. లక్నో జర్దోసీకి 2013లో భౌగోళిక సూచిక గుర్తింపు దక్కింది. దక్కనులో అసఫ్‌జాహీల కాలాన హైదరాబాద్‌లో ఈ పనిని కార్చోబ్ అనేవారు. పాతబస్తీలో ఎన్నో ముస్లిం కుటుంబాల ఆడవాళ్లకు ఇది తరతరాల ఇంటిపని.

ఆరి సూదిది వేరే కథ. గుజరాత్, కచ్ ప్రాంతాల్లో తోలుపని చేసే మోచీలు కొక్కెపు సాధనంతో గొలుసు కుట్టు కుట్టేవారు. ఆ పద్ధతి 18వ శతాబ్దంలో యూరప్‌కు వెళ్లింది. ఫ్రాన్సులోని లూనెవిల్ పట్టణంలో దాన్ని పూసలు కుట్టడానికి మలచుకున్నారు. లూనెవిల్ పద్ధతిలో గుడ్డ తిరగవేసి ఉంటుంది, పూసలు అడుగున దారానికి ఎక్కించి ఉంటాయి. మన కారీగర్లు గుడ్డ మంచివైపే పైకి పెట్టి, పూసను సూది మొనతో ఎత్తి కుడతారు. నేటికీ పారిస్ ఫ్యాషన్ సంస్థల చేతికుట్టులో పెద్దపాలు భారతదేశంలో జరుగుతోంది. 2023 మార్చి 30న డియోర్ సంస్థ ముంబయి గేట్‌వే ఆఫ్ ఇండియా ఎదుట ప్రదర్శన పెట్టి, అక్కడి చాణక్య కళాశాల కుట్టుపనిని ముందుకు తెచ్చింది.

తెలుగు ఇళ్లలో చాలాకాలం జాకెట్టుకు చీర అంచే అలంకారం. అంచును చేతులకు వేసి కుట్టించుకుంటే పట్టుచీరకు చాలనుకునేవారు. పెళ్లి ఫొటోలు, వీడియోలు, టీవీ, ఆపైన సామాజిక మాధ్యమాలు జాకెట్టును కంటికి దగ్గర చేశాక మగ్గం పనికి గిరాకీ పెరిగింది. ఇప్పుడు వీపు మెడ, మోచేతుల దాకా వచ్చే చేతులు ప్రధాన రంగస్థలాలు. వాటి మీద ఏనుగులు, నెమళ్లు, చిలకలు, పల్లకీలు, తామరలు, మామిడి పిందెలే కాక వధూవరుల పేర్లు, బొమ్మలు కూడా కుట్టిస్తున్నారు.

పనిముట్లు, ముడిసరుకు

చట్రం నాలుగు కర్రలతో ఉంటుంది. రెండు పొడవాటి కర్రలకు గుడ్డ అంచులను తాడుతో కుట్టి, అడ్డ కర్రలతో తప్పెటలా బిగిస్తారు. గుడ్డ వదులైతే కుట్టు ముడుచుకుంటుంది, మరీ బిగిస్తే పట్టు పోగులు విచ్చుకుంటాయి. కారీగర్లు నేల మీద కూర్చుని పనిచేస్తారు. పెద్ద చట్రమైతే ఇద్దరు ముగ్గురు ఎదురెదురుగా కూర్చుంటారు.

జర్దోసీలో వాడే తీగెలకు రకరకాల పేర్లు ఉన్నాయి. స్ప్రింగులా చుట్టిన తీగె దబ్కా, పలకలు తీరి మెరిసేది నక్షి, మెరుపు తక్కువ ఉన్నది కోరా, సన్నగా బిరుసుగా ఉండేది గిజాయి, చదునుగా సాగగొట్టినది బాద్లా. ఈ స్ప్రింగులను చిన్న ముక్కలుగా కత్తిరించి, పూసల్లా సూదికెక్కించి కుడతారు. వీటికి తోడు కుందన్ రాళ్లు, కట్‌దానా, పైపు పూసలు, ముత్యాలు, చమ్కీలు, అద్దాలు ఉంటాయి.

జరీలో మూడు రకాలు ఉన్నాయి. వెండి తీగెకు బంగారు పూత వేసినది అసలు జరీ. రాగి తీగె ఆధారంగా చేసినది టెస్టెడ్ జరీ. లోహపు పూత పూసిన పాలిస్టర్ పొరతో చేసినది మూడోది, అన్నిటికన్నా చవక. ఇవాళ మగ్గం పనిలో అసలు జరీ అరుదు. జరీకి సూరత్ దేశంలోకెల్లా పెద్ద కేంద్రం. లోహపు తీగె నల్లబడకుండా ఉండాలంటే జాకెట్టు మీద సెంటు చల్లకూడదు, ప్లాస్టిక్ సంచిలో కాక నూలుగుడ్డలో చుట్టి పెట్టాలి.

పని జరిగే తీరు

ముందు దర్జీ కొలతలు తీసుకుని గుడ్డ మీద మెడ, వీపు, చేతుల హద్దులు గీస్తాడు. గుడ్డను అప్పుడే కత్తిరించడు. కుట్టుపని అయ్యాకే కత్తెర పడుతుంది. కొలత ఇక్కడే తప్పితే తర్వాత సరిదిద్దడం కష్టం, ఎందుకంటే కుట్టు ఉన్నచోట కుట్టు విప్పితే రంధ్రాలు కనబడతాయి.

డిజైన్‌ను బటర్ పేపరు మీద గీసి, గీత వెంబడి సూదితో సన్నని చిల్లులు పొడుస్తారు. ఆ కాగితాన్ని గుడ్డ మీద పరిచి, కిరోసిన్‌లో కలిపిన తెల్లని జింకు పొడినిగానీ నీలినిగానీ దూదితో రుద్దుతారు. పొడి చిల్లుల్లోంచి దిగి చుక్కల గీత పడుతుంది. కిరోసిన్ కాసేపట్లో ఆవిరైపోతుంది, గీత మిగులుతుంది. చిల్లులు కాగితానికి రెండువైపులా ఉంటాయి కాబట్టి కుడిచేతికి వేసిన కాగితాన్నే తిరగేసి ఎడమచేతికి వేస్తారు. కుడిచేతి చిలక ఎడమవైపు చూస్తే, ఎడమచేతి చిలక కుడివైపు చూస్తుంది. వేసుకున్నాక రెండూ ఎదురెదురుగా ఉంటాయి. ఒక మంచి డిజైను కాగితం ఏళ్ల తరబడి పనికొస్తుంది. అందుకే పాత దుకాణాల్లో బటర్ పేపరు చుట్టలు ఆస్తి కింద లెక్క.

ఆరి కుట్టులో దారం గుడ్డ అడుగున ఎడమచేతిలో ఉంటుంది. కుడిచేత్తో సూదిని పైనుంచి దించితే కొక్కెం దారాన్ని పట్టి పైకి ఉచ్చులా లాగుతుంది. మళ్లీ దించి ఆ ఉచ్చులోంచే ఇంకో ఉచ్చు లాగుతారు. అలా గొలుసు సాగిపోతుంది. ఆకులూ రేకులూ ఉబ్బెత్తుగా కనబడాలంటే ముందు అడుగున దారం నింపి దాని మీద అడ్డంగా కుడతారు. దీన్ని లోడింగ్ అంటారు. పువ్వు నడిమి భాగానికి ముడికుట్టు, అంచులకు గొలుసు కుట్టు, పొడవైన తీగెలకు జర్దోసీ వాడటం మామూలు. చివరికి వెనకవైపు దారాలు కత్తిరించి, అవసరమైతే పలుచని జిగురు రాసి, దర్జీకి పంపుతారు.

యంత్రం, కంప్యూటర్

యంత్రంతో కుట్టే ప్రయత్నం పాతదే. 1828లో ఫ్రాన్సులో జోషువా హైల్మన్ చేతితో తిప్పే ఎంబ్రాయిడరీ యంత్రాన్ని కనిపెట్టాడు. 1863లో స్విట్జర్లాండులో ఇజాక్ గ్రోబ్లీ షిఫ్లీ యంత్రాన్ని తెచ్చాడు. 20వ శతాబ్దపు ద్వితీయార్ధంలో జపాన్‌కు చెందిన తాజిమా సంస్థ అనేక తలల యంత్రాలతో ప్రసిద్ధికెక్కింది. ఆపైన కంప్యూటర్ వచ్చి, బొమ్మను కుట్ల వరసగా మార్చే పని సాఫ్ట్‌వేర్‌కు అప్పగించింది. ఇప్పుడు ఒక్క తల ఉన్న యంత్రాలు చిన్న దుకాణాలకు కూడా అందుబాటులో ఉన్నాయి. మన ఊళ్లలో కంప్యూటర్ వర్క్ అని పిలిచేది ఈ యంత్రాల పనినే.

ఈ పనిలో ధర సాధారణంగా కుట్ల లెక్కన కడతారు. డిజైన్ ఫైలు ఒకసారి తయారైతే ఎన్నిసార్లయినా వాడొచ్చు, ఇంకొకరికి అమ్మొచ్చు, ఫోన్లో పంపొచ్చు. అందువల్ల కంప్యూటర్ పని జాకెట్టు కొద్ది వందల్లో దొరుకుతుంటే, నిండుగా చేయించిన మగ్గం పని పదివేలు కూడా దాటుతుంది.

రెండింటినీ వేరుచేసి చూడటానికి గుడ్డ తిరగేస్తే చాలు. యంత్రపు కుట్టులో పై దారం, బాబిన్ దారం ఒకదాన్నొకటి బిగిస్తాయి కాబట్టి వెనకవైపు తెల్లని బాబిన్ దారం, కుట్టును నిలబెట్టడానికి వేసిన కాగితపు పొర కనిపిస్తాయి. ఆరి పనిలో వెనకవైపు సన్నని కుట్ల వరస, అక్కడక్కడ ముడులు ఉంటాయి. యంత్రం చమ్కీలు, పురిదారం కూడా కుడుతుంది. దబ్కా ముక్కలను వంపు వంపుకూ కొలిచి కత్తిరించి కుట్టడం మాత్రం ఇంకా చేతికే సాధ్యం.

నేటి కొత్త పద్ధతి ఈ రెంటినీ కలపడం. ఆకులు, తీగెలు, నింపుడు భాగం యంత్రంతో వేయించి, రాళ్లు, పూసలు, జర్దోసీ చేత్తో కుట్టిస్తారు. ధర తగ్గుతుంది, చేతిపని కంటికి కనబడే చోట మిగులుతుంది. డిజైన్ గీయడంలోనూ మార్పు వచ్చింది. వాడుకదారులు ఫోన్లో ఫొటో చూపించి అలాగే కావాలంటారు. దుకాణదారు దాన్ని పెద్దది చేసి ముద్రించి, బటర్ పేపరు మీదికి దించుతాడు.

లంబాడీ కుట్టు

ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోస్తూ సైన్యాలకు సరఫరా చేసిన లంబాడీలు రైలు, రోడ్డు రవాణా వచ్చాక ఆ బతుకుదెరువు కోల్పోయి తండాల్లో స్థిరపడ్డారు. వారి ఆడవాళ్ల దుస్తులు ఫేటియా, కాంచళి, టుక్రి. వీటి మీద అద్దాలు, గవ్వలు, నాణేలు, ఉన్ని కుచ్చులు, ముతక నూలు మీద దగ్గర దగ్గరగా వేసిన కుట్లు ఉంటాయి. మగ్గం పనికీ దీనికీ ఉన్న ముఖ్యమైన తేడా ఏమిటంటే, లంబాడీ కుట్టుకు చట్రం అక్కర్లేదు, ముందు గీసిన బొమ్మా అక్కర్లేదు. గుడ్డను చేత్తో పట్టుకుని పోగులు లెక్కబెట్టుకుంటూ కుడతారు. తల్లి దగ్గర కూతురు నేర్చుకునేది.

రోజువారీ కట్టుబడి మారి చీర, చుడీదార్లు వచ్చాక ఈ కుట్టు దుస్తుల నుంచి విడిపోయింది. పాత కాంచళి, ఫేటియాల ముక్కలను కోసి సంచులకు, జాకెట్లకు, దిండు గలీబులకు అతికిస్తున్నారు. బొటిక్కుల్లో వీటికి మంచి గిరాకీ ఉంది. అయితే పాత ముక్క కోసినప్పుడల్లా ఒక దుస్తు పోతుంది, కొత్తది కుట్టినప్పుడే పని నిలుస్తుంది. కర్ణాటకలోని సండూరు ఇందుకు దారి చూపింది. అక్కడ 1984లో మొదలైన సండూరు కుశల కళా కేంద్రం మహిళలతో కొత్తగా కుట్టిస్తూ వచ్చింది. సండూరు లంబాణీ కుట్టుకు 2010లో భౌగోళిక సూచిక దక్కింది. 2023 జులైలో హంపిలో జరిగిన జీ20 సాంస్కృతిక సమావేశంలో 1,755 లంబాణీ కుట్టు వస్తువులు ప్రదర్శించి గిన్నిస్ రికార్డు సాధించారు.

చేనేతతో కలయిక

వస్త్ర రూపకల్పనలో కుట్టు ఒక భాగమే. గుడ్డ ఏదన్నది అంతకన్నా ముందు తేలాలి. నిండుగా నేసిన గుడ్డ మీద నిండుగా కుడితే రెండూ కనబడవు. అందుకే అనుభవమున్నవారు సాదా పట్టు మీద మగ్గం పని చేయిస్తారు. ఇకత్ గుడ్డ అయితే అంచుల్లో సన్నని గొలుసు కుట్టుతో ఆపేస్తారు.

సిద్దిపేట గొల్లభామ చీరలో తల మీద కుండ పెట్టుకున్న గొల్లభామ బొమ్మను చూసి కుట్టారనుకుంటారు. అది కుట్టు కాదు, నేతలోనే అదనపు పేకతో తెచ్చిన బొమ్మ. 2012లో దానికి భౌగోళిక సూచిక వచ్చింది. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో వచ్చింది. ఆ కళను నిలబెట్టినందుకు గజం గోవర్ధనకు 2011లో, ఇకత్ నేతకు గజం అంజయ్యకు 2013లో పద్మశ్రీ లభించింది. హైదరాబాద్‌లో సురైయా హసన్ బోస్ (1928-2021) రాయదుర్గంలో నేత కేంద్రం నడిపి, కనుమరుగవుతున్న హిమ్రూ, మష్రూ, జామావార్ వస్త్రాలను మళ్లీ నేయించారు. వితంతువులకు నేత నేర్పి ఉపాధి కల్పించారు.

కొత్త యంత్రం చేతికళకు ఎలా సాయపడుతుందో తెలియాలంటే ఆసు యంత్రాన్ని చూడాలి. ఇకత్ చీరకు దారాన్ని మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పి అమర్చడాన్ని ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు కదలాలి. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి పడే భుజం నొప్పి చూసి, 1999లో ఈ పని చేసే యంత్రాన్ని పూర్తిచేశారు. దానికి ఆమె పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2019లో ఆయన జీవితం మీద ‘మల్లేశం’ సినిమా వచ్చింది. ఈ యంత్రం డిజైన్‌నుగానీ, రంగునుగానీ, నేతనుగానీ తన చేతిలోకి తీసుకోలేదు. ఒంటిని అరగదీసే పని మాత్రమే తీసుకుంది.

శిక్షణ, ఉపాధి

మగ్గం పని నేర్చుకునే దారులు మూడు. మొదటిది కార్ఖానా, అక్కడ ఉస్తాద్ దగ్గర చూసి నేర్చుకుంటారు. హైదరాబాద్ కార్ఖానాల్లో ఉత్తరప్రదేశ్, పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చిన కారీగర్లు చాలామంది ఉన్నారు. రెండోది ప్రభుత్వ శిక్షణ. జంటనగరాల్లో 1978లో ఏర్పడ్డ సెట్విన్ వంటి సంస్థలు కుట్టుపనిలో శిక్షణ ఇస్తున్నాయి. మూడోది ఇంటి దగ్గర నడిపే తరగతులు, యూట్యూబ్ పాఠాలు. పెళ్లయి పిల్లలున్న ఆడవాళ్లు ఎక్కువగా ఈ దారిలోనే వస్తున్నారు. పైచదువుగా వస్త్ర రూపకల్పన చదవాలంటే 1995లో హైదరాబాద్‌లో ప్రారంభమైన నిఫ్ట్ ఉంది.

కూలి సాధారణంగా జాకెట్టు లెక్కన ఇస్తారు. పెళ్లి ముహూర్తాలున్న నెలల్లో రాత్రుళ్లు కూడా పని ఉంటుంది. మూఢం, ఆషాఢం వస్తే చేతిలో పని ఉండదు. గంటల తరబడి వంగి కూర్చోవడం వల్ల నడుం నొప్పి, మెడ నొప్పి, సన్నపని వల్ల కళ్లమంట మామూలు. మంచి వెలుతురు, ఎత్తు సరిపోయే చట్రం, గంటకోసారి లేచి తిరగడం పెద్ద ఖర్చు లేని జాగ్రత్తలు. ఇంటి నుంచి పనిచేసేవారి హక్కుల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒడంబడికను ఆమోదించింది. భారతదేశం దాన్ని ధ్రువీకరించలేదు.

గుర్తింపు, చట్టం

కేంద్ర హస్తకళల అభివృద్ధి కమిషనర్ కార్యాలయం కళాకారులకు పెహచాన్ గుర్తింపు కార్డు ఇస్తుంది. జరీ, ఎంబ్రాయిడరీ పనివారు దీనికి అర్హులు. అసంఘటిత కార్మికులకు 2021లో మొదలైన ఈ-శ్రమ్ పోర్టల్‌లో నమోదు ఉంది. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకం 18 వృత్తులకు వర్తిస్తుంది. వాటిలో దర్జీ ఉన్నాడు, మగ్గం పనివారి పేరు విడిగా లేదు.

కొత్త డిజైన్‌కు 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదు చేయించుకుంటే పదేళ్లు, పొడిగిస్తే మరో ఐదేళ్లు రక్షణ ఉంటుంది. కానీ ఒక్క పెళ్లి కోసం ఒక్కసారి కుట్టే జాకెట్టుకు ఆ తతంగం ఎవరూ పెట్టుకోరు. బొమ్మ గీసినవారి పేరు ఎక్కడా ఉండదు. ఫొటో మాత్రం వారంలో పది దుకాణాలకు చేరుతుంది.

అంచనా

ఈ ప్రాంతపు కుట్టుకళలో పాతా కొత్తా కలిసిన తీరు అన్నిచోట్లా ఒకేలా లేదు. చేతి స్థానంలోకి యంత్రం వచ్చిన చోట ధర పడిపోయింది, కారీగరుకు పని తగ్గింది. చేతికి అలుపు తగ్గించిన చోట, ఆసు యంత్రంలాగా, కళా నిలిచింది, మనిషీ నిలిచాడు. యంత్రం, చేయి కలిపి చేసే పని మధ్యేమార్గం. అందులో చేతిపనికి వేరుగా లెక్కకట్టి కూలి ఇస్తే అది నిలబడుతుంది, మొత్తం మీద ఒక ధర చెప్పి కోత కోస్తే నిలబడదు. చేయించుకునేవారు గుడ్డ తిరగేసి చూసి, ఏది చేత్తో కుట్టారో, ఏది యంత్రం కుట్టిందో అడిగి తెలుసుకుని, చేతిపనికి చేతిపని ధర ఇవ్వాలి. మగ్గం పని రేపు ఎలా ఉంటుందన్నది చాలామటుకు ఆ బేరం మీదే ఆధారపడి ఉంది.